ఊపిరి బిగపట్టండి

బ్రేకు మాస్టారు ఆ రోజు పొద్దున్నే వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ముందు పళ్ళ డాక్టరమ్మకు డ్రైవింగు పాఠం. పాఠం ఎలాగూ పెద్దాసుపత్రి రోడ్డు మీదుగానే సాగుతుంది. అక్కడ ఆయన దిగి, లోపలికి వెళ్ళి, ఊపిరితిత్తులకు స్కాను తీయించుకుని, ఏమీ ఎరగనట్టు భోజనం వేళకు ఇల్లు చేరాలి. ఈ సంగతి తెలిసేది లోకంలో ఇద్దరికే: ఆయనకూ, ఆయన ఊపిరితిత్తులకూ.

ఆయనకు సొంత పేరు లేక కాదు. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని ముప్పై ఏళ్ళుగా "బ్రేకు! బ్రేకు!" అని అరిచీ అరిచీ ఆ పేరే ఖాయమైపోయింది. ఆయన డ్రైవింగు స్కూలంటే ఒక్క కారు. దాని నెత్తిన మంచమంత బోర్డు. పక్క సీటు ముందు ఆయన కాలికి అందేలా ఇంకో బ్రేకు. ఆ రెండో బ్రేకు కారును కాపాడింది గానీ ఆయన్ని కాపాడలేదు. ఎదురుగా లారీ వస్తుంటే స్టీరింగు వదిలేసి కళ్ళు మూసుకునే మనుషుల పక్కన రోజల్లా కూర్చునేవాడికి గుండె నిమ్మళించాలంటే ఏదో ఒకటి కావాలి. ఆయనకు సిగరెట్టు కావలసి వచ్చింది. పాఠానికి ముందొకటి, తర్వాతొకటి. ఎవరైనా వెనక్కి నడపడం నేర్చుకునే రోజున లెక్కే లేదు.

ఇంట్లో మాత్రం ఆయన సిగరెట్లు మానేసి మూడేళ్ళు. మనవరాలు పుట్టిన రోజున పసిగుడ్డును చేతుల్లోకి తీసుకుని, అందరూ వింటూండగా "ఇక ఈ జన్మలో ముట్టుకోను" అనేశారు. అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నారు. మర్నాడు ఒక కొత్త శిష్యుడు కారును తిన్నగా పూలకుండీల దుకాణంలోకి తోలడంతో ఆ మాట అక్కడే పగిలిపోయింది. కానీ అప్పటికే ఆయన భార్య ఊరంతా చెప్పేసింది. ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణం నడుపుతుంది. కొలతలకు వచ్చిన ప్రతి తల్లికీ మొగుడంటే ఎలా ఉండాలో ఆయన్నే చూపించి చెప్పేది. చొక్కా పొగవాసన కొడితే ఆయన, "ఈ నేర్చుకునేవాళ్ళు కార్లో తెగ కాలుస్తున్నారే" అనేవారు. "పాపం, మీరు మానేసినా ఆ పొగ మిమ్మల్ని వదలట్లేదు కదండీ" అని ఆవిడ జాలిపడేది. ఆ జాలిని మింగడం పొగను మింగడం కన్నా కష్టంగా ఉండేది.

ఇలా ఎన్నాళ్ళయినా సాగేదే. కానీ ఆయన కారును మొదటి నుంచీ బాగుచేస్తూ వచ్చిన మెకానిక్కు పోయాడు. షెడ్డు వెనక పాత టైర్ల మీద కూర్చుని ఒకే అగ్గిపుల్లతో రెండు సిగరెట్లు వెలిగించుకున్న స్నేహం వాళ్ళది. మెకానిక్కుకు దగ్గు వచ్చింది, పెట్రోలు వాసన పడట్లేదన్నాడు. బరువు తగ్గాడు, మంచిదేలే అన్నాడు. తీరా ఆసుపత్రికి వెళ్ళేసరికి డాక్టర్లకు చేయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. చివరిసారి చూడబోయినప్పుడు, "దగ్గు రాకముందే రావాల్సిందట మాస్టారూ. దగ్గు రాకుండా ఆసుపత్రికి ఎవడొస్తాడు చెప్పండి?" అని నవ్వబోయి, ఆ నవ్వు పూర్తి చేయలేకపోయాడు.

ఆ సగం నవ్వు మాస్టారి వెంట పడింది. అందుకే, యాభై దాటి, ఏళ్ళ తరబడి సిగరెట్లు కాల్చినవాళ్ళు ఏ బాధా లేకపోయినా వచ్చి ఊపిరితిత్తులు చూపించుకోవచ్చని పెద్దాసుపత్రివాళ్ళు ప్రకటించగానే ఆయన ఫోను చేసి రోజు ఖాయం చేసుకున్నారు.

పళ్ళ డాక్టరమ్మ ఎంత మొండి పన్నయినా ఒక్క ఊపులో పీకుతుందని పేరు. గేరు మార్చడం కూడా అదే పద్ధతిలో చేస్తుంది. ఆసుపత్రి గేటు వరకూ ఎలాగో వచ్చాక మాస్టారు చెమట తుడుచుకున్నారు.

"డాక్టరమ్మా, కాస్త పక్కకు ఆపండి. మా బంధువొకాయన లోపలున్నాడు, చూసొస్తాను."

"అయ్యో, ఏమైంది మాస్టారూ?"

"ఏమీ కాలేదు. ఏమీ కాలేదనే చూద్దామని."

"అయితే మీరొచ్చేలోపు నేను పార్కింగు ప్రాక్టీసు చేస్తుంటాను."

మనసు మనసులో లేక మాస్టారు "సరే" అన్నారు. ముప్పై ఏళ్ళ వృత్తిలో అంతటి తప్పు ఆయన ఎన్నడూ చేయలేదు.

గేటు పక్కన చెట్టు చాటున ఒక సిగరెట్టు ముగించి, లోపలికి వెళ్ళి, తన వంతు కోసం బెంచీ మీద కూర్చున్నారు. గోడ మీద ఊపిరితిత్తుల బొమ్మ ఒకటి, గులాబీ రంగులో, ముద్దుగా ఉంది. దాన్ని చూస్తే తనవి అలా ఉండవని తెలుస్తూనే ఉంది. అంతలో గోడకున్న మైకు గరగరలాడింది.

"ఊపిరితిత్తుల క్యాన్సరు విభాగం ముందు, అంబులెన్సు దారికి అడ్డంగా పెట్టిన డ్రైవింగు స్కూలు కారు తాలూకు మాస్టారు ఎక్కడున్నా వెంటనే రావాలి. బ్రేకు మాస్టారు, ఊపిరితిత్తుల క్యాన్సరు విభాగం, వెంటనే రావాలి!"

ఆసుపత్రిలో ఎన్ని అంతస్తులున్నాయో అన్నింటిలోనూ మైకులున్నాయి.

మాస్టారు పరుగున వెళ్ళేసరికి కారుకు ముందొక అంబులెన్సు, వెనకొక అంబులెన్సు. పళ్ళ డాక్టరమ్మ లోపల రెండు చేతులూ పైకెత్తి కూర్చుని ఉంది, ఎవరో తుపాకీ గురిపెట్టినట్టు. ఆవిడను దింపి, కారు తీసి, డ్రైవర్లకు దణ్ణాలు పెట్టి, ఆవిడను వేరే బండిలో ఇంటికి పంపేసరికి ఆయనకు ఆయాసం వచ్చింది. తిరిగి చూస్తే ఎదురుగా బావమరిది.

ఈ బావమరిది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ నడుపుతాడు. ఆయనకన్నా నాలుగేళ్ళు చిన్న. నోట్లో ఒక సిగరెట్టు, చెవి మీద ఇంకోటి ఎప్పుడూ ఉంటాయి. బావలా దాచుకోవడం వాడి వంటికి పడదు. కాల్చినవన్నీ పదిమందిలో కాల్చినవే.

"బావా! మైకులో విని దుప్పట్లు అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చాను. ఎన్నాళ్ళయింది?"

"ఏది ఎన్నాళ్ళయింది?"

"నా దగ్గర కూడా దాస్తావా?"

"ఒరేయ్, జబ్బేం లేదురా. ముప్పు ఉన్నవాళ్ళని ముందుగానే చూస్తారు. అదీ సంగతి."

"నీకేం ముప్పు? నువ్వు మానేశావుగా?"

 నిజం చెప్తే అది భోజనం వేళ కన్నా ముందే ఇంటికి చేరుతుంది. మాస్టారు తల దించుకున్నారు. బావమరిది ఆ తల దించుకోవడం చూసి, కళ్ళు తుడుచుకుని, పక్కకు తిరిగి ఫోను తీశాడు.

"అక్కా, కంగారు పడకు. ముందు కూర్చో. కూర్చున్నావా? ఆ... బావ క్యాన్సరు బ్లాకులో ఉన్నాడు."

మాస్టారు మళ్ళీ వరసలో చివర నిలబడి, వంతు వచ్చి నర్సు ముందు కుర్చీలో కూర్చోబోతుండగా భార్య వచ్చేసింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, ఒక కాలికి ఒక చెప్పు, ఇంకో కాలికి ఇంకో చెప్పు.  ఆవిడ ఆయన పక్కన నిలబడి చొక్కా చేయి పట్టుకుంది. 

నర్సు యాభై ఏళ్ళ మనిషి. గొంతు మైకు అక్కర్లేని గొంతు. "సార్, సిగరెట్లు తాగుతారా?"

"తాగేవారు," భార్య అందుకుంది. "మానేసి మూడేళ్ళయింది. ఈయన మాటంటే మాటే."

"తాగే రోజుల్లో రోజుకెన్ని?"

మాస్టారు భార్య వైపు చూశారు. "ఒకటో... రెండో."

"ఎన్నేళ్ళు?"

"ఓ పదేళ్ళు అనుకోండి."

నర్సు కలం కింద పెట్టి చక్కగా నవ్వింది. "అయితే మీకీ స్కాను అక్కర్లేదండీ. ఇది బాగా కాల్చినవాళ్ళకి. ముప్పు లేనివాళ్ళకి ఊరికే తీయం. నిశ్చింతగా ఇంటికెళ్ళండి."

"చూశారా!" అంది భార్య. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "నేను హడలి చచ్చాను. పదండి, పదండి."

మాస్టారు లేచారు. రెండడుగులు వేశారు. లేచి వెళ్ళిపోతే గొడవే లేదు, ఇంట్లో గౌరవం గౌరవంగా ఉంటుంది. కానీ ఆ సగం నవ్వు ఆయన్ని కాలర్ పట్టి వెనక్కి లాగింది. ఆయన మళ్ళీ కూర్చున్నారు.

"ఒకటో రెండో అంటే... ఐదు."

"ఐదా?" అంది భార్య.

"ఐదైనా సరిపోదండీ," అంది నర్సు.

"ఎనిమిది."

చొక్కా చేతిని పట్టుకున్న చేయి వదులైంది.

"సార్, ఇది బేరం కాదు. నిజం చెప్పండి. మీ మంచికే."

"పది. పన్నెండు." మాస్టారు చొక్కా జేబు తడుముకున్నారు. "ఒక ప్యాకెట్టు."

"రోజుకి?"

"రోజుకి."

"పదేళ్ళు?"

"ముప్పై."

 భార్య మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. చుడుతూనే ఉంది. నర్సు చకచకా రాసుకుని, "సరిపోతుంది. చివరి సిగరెట్టు ఎప్పుడు తాగారు?" అంది.

అప్పటికి మాస్టారు నిజం చెప్పడంలో ఎంత దూరం వచ్చేశారంటే, ఆపుదామన్నా ఆగలేదు. "ఇందాక. గేటు దగ్గర."

నర్సు తలెత్తి జాలిగా చూసింది. "మూడేళ్ళ కిందట మానేశానన్నా ఈ స్కానుకు సరిపోయేదండీ."

ఆ మాటకు మాస్టారి పై ప్రాణాలు పైనే పోయాయి. చెప్పనక్కర్లేని ఒక్క ముక్కనూ చెప్పేశారు. మానేయడానికి సాయం చేస్తామని, ఎవరిని కలవాలో చెప్తామని నర్సు ఏదో అంటోంది. ఆయనకేమీ వినబడలేదు. నర్సు వెనకే నిలబడ్డ బావమరిది చెవి మీది సిగరెట్టు చూసి, "మీరూ యాభై దాటినట్టున్నారే. మీరూ తీయించుకోవచ్చు" అంది.

"నాకెందుకమ్మా? గుర్రంలా ఉన్నాను. దుప్పట్ల మూట భుజానేసుకుని నాలుగంతస్తులు ఎక్కుతాను," అని వాడు ఛాతీ మీద చరుచుకున్నాడు.

తర్వాత ఫోను చేయాల్సి వస్తే ఎవరికి చేయాలని నర్సు అడిగినప్పుడు, భార్య ముందుకొచ్చి తన నంబరు చెప్పింది. ఆయన మాట మీద ఇక ఆసుపత్రి కూడా ఆధారపడకూడదని ఆవిడ ఉద్దేశం కాబోలు.

స్కాను గదిలో మాస్టారిని బల్ల మీద పడుకోబెట్టారు. బల్ల ఒక పెద్ద వలయంలోకి జరిగింది. "ఊపిరి బిగపట్టండి" అంది ఎక్కడినుంచో ఒక గొంతు. మాస్టారు బిగపట్టారు. వలయం తిరుగుతుండగా కళ్ళముందు టేపు చుట్టుకుంటున్న వేలు కనబడింది. గుండెల్లో ఉన్నదంతా కలిసి, ఆపుకోలేని పెద్ద నిట్టూర్పై బయటికి వచ్చేసింది.

ఇంట్లో ఆ తర్వాత గడిచిన రోజుల గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు, ఎందుకంటే ఎవరూ ఏమీ మాట్లాడలేదు. కంచం పెట్టే చప్పుడు, తీసే చప్పుడు, మధ్యలో కుట్టుమిషను చప్పుడు. ఆయన పక్కకు వస్తే ఆవిడ అవతలి గదిలోకి వెళ్ళేది. ఒక్కసారి మాత్రం, గోడతో చెప్తున్నట్టు, "నేర్చుకునేవాళ్ళు కాలుస్తున్నారట" అంది. తిడితే బాగుండునని మాస్టారు ఎంతో ఆశపడ్డారు. ఆవిడ ఆ ఉపకారం చేయలేదు.

అటువంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఆయన లేనప్పుడు, ఆవిడ ఫోను మోగింది.

"అమ్మా, పెద్దాసుపత్రి నుంచి. మాస్టారి బొమ్మ బాగాలేదండీ," అంది నర్సు.

"బాగా... లేదా?"

"అస్సలు బాగాలేదు. మళ్ళీ తీసుకురావాలి."

బొమ్మ అంటే స్కాను బొమ్మ, బాగాలేకపోవడమంటే ఆయన మధ్యలో నిట్టూర్చడం వల్ల మసకగా రావడం. ఆ మాట నర్సు చెప్పబోతూండగానే ఫోను ఆవిడ చేతిలోంచి జారిపోయింది. మళ్ళీ మోగితే ఎత్తడానికి ధైర్యం చాలలేదు. ఏ రోజు రావాలో సందేశం వస్తే, అది చదివి కళ్ళు మూసుకుంది. తమ్ముడికి చెప్పింది, కూతురికి చెప్పింది. ఆయనకు మాత్రం చెప్పకూడదని ముగ్గురూ ఒట్లు పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం మాస్టారు ఇంటికి రాగానే భార్య ఎదురొచ్చి చేతిలోని సంచి అందుకుంది. కాఫీలో తనే చక్కెర కలిపి, చల్లార్చి ఇచ్చింది. మాస్టారు తత్తరపడ్డారు. మర్నాటికి కూతురు మనవరాలిని తీసుకుని దిగింది. "ఊరికే వచ్చాను నాన్నా, నిన్ను చూడాలనిపించి" అని భుజం మీద తల పెట్టుకుంది. బావమరిది వచ్చి ఎదురుగా కూర్చుని, హాస్యమాడబోయి మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. పళ్ళ డాక్టరమ్మ కబురు చేసింది, ఎప్పుడొచ్చినా పళ్ళన్నీ ఊరికే శుభ్రం చేస్తానని. స్నానాల గదిలో కొళాయి ధారగా పారుతుంటే, దాని వెనక వెక్కిళ్ళు వినబడ్డాయి.

మాస్టారు అనుమానాన్ని దగ్గరికి రానీయకుండా కొన్నాళ్ళు తోసుకొచ్చారు. అప్పుడు భార్య ఒక రాత్రి భోజనమయ్యాక ఆయన పక్కన కూర్చుని, చీర చెంగు నలుపుతూ అంది:

"ఏవండీ... మీకంతగా అనిపిస్తే... ఒక్కటి తాగండి. నేనేమీ అనుకోను."

 మాస్టారికి ఇక సందేహం లేదు. తను పోతున్నాడు.

ఆయన సిగరెట్టు తాగలేదు. ఆ మాట విన్నాక చేయి అటు పోలేదు. మంచం మీద వెల్లకిలా పడుకుని, ఇంటికప్పు చూస్తూ, లోపలికి వెళ్ళే గాలిని గమనించారు. ఇన్నేళ్ళుగా వెళ్తూనే ఉంది, వస్తూనే ఉంది. పక్కన భార్య నిద్రపోతున్నట్టు నటిస్తోంది. తను కూడా నటిస్తున్నారు. వీళ్ళకు చెప్పే ధైర్యం లేదు, తనకు అడిగే ధైర్యం లేదు. మనవరాలు పెద్దయ్యాక తాతయ్య ఎలా ఉండేవాడని అడిగితే, అబద్ధం చెప్పేవాడనే కదా చెప్తారు! ఆ ఆలోచనకు కన్నీళ్ళు చెవుల్లోకి జారాయి. తుడుచుకుంటే ఆవిడకు తెలిసిపోతుందని అలాగే వదిలేశారు.

తెల్లారాక ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. ఉన్న ఆస్తి ఆ కారొక్కటే. రేపు తను లేకపోతే స్కూలు నడిపేదెవరు?

"నీకు డ్రైవింగు నేర్పుతాను," అన్నారు భార్యతో.

మామూలు రోజయితే ఆవిడ నవ్వి కొట్టిపారేసేది. కారంటేనే ఆవిడకు భయం. కానీ ఇది భర్త చివరి కోరిక అనుకుంది. "అలాగేనండీ" అని ఏడుపు దిగమింగుకుంది. ఆ దిగమింగుకోవడం చూసి ఆయనకు మరింత రూఢి అయింది.

ఆవిడ నడపడం గురించి మాస్టారు ఎవరితోనూ ఏమీ అనలేదు. పళ్ళ డాక్టరమ్మ ఎంత చక్కగా నడిపేదో మాత్రం ఆయనకు అప్పుడు తెలిసింది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళతో నడిపేది, రోడ్డు ఎప్పుడూ మసకే. ఆయన అరవలేదు. "బ్రేకు తల్లీ, బ్రేకు" అని మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు చెప్పేవారు. ఆయన అరవకపోవడం చూసి ఆవిడ ఇంకా ఏడ్చేది.

ఆసుపత్రికి వెళ్ళవలసిన రోజు వచ్చింది. ఎలా చెప్పాలో తెలియక ఆవిడ స్టీరింగు ముందు కూర్చుని, "ఇవాళ పెద్దాసుపత్రి రోడ్డులో పోదామండీ" అంది.

"ఆ రోడ్డే ఎందుకు?"

"ఊరికే. విశాలంగా ఉంటుందని."

 కారు నత్తలా పాకుతూ ఆసుపత్రి గేటు దాటింది. ఎదురుగా లాండ్రీ వ్యాను. దాని వెనక బావమరిది, గుండెలకు హత్తుకుని దుప్పట్ల మూట, నోట్లో సిగరెట్టు. సరిగ్గా అక్కడ ఆవిడకు ఇక దుఃఖం ఆగలేదు.

"ఏవండీ, నేనొకటి దాచాను. ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. బొమ్మ బాగాలేదన్నారు. అస్సలు బాగాలేదన్నారు!"

"నాకు తెలుసే," అన్నారు మాస్టారు.

"మీకు తెలుసా?"

"నువ్వు సిగరెట్టు తాగమన్నప్పుడే తెలిసింది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని బావురుమన్నారు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి మాస్టారి కాలు బ్రేకు మీద లేదు.

"అక్కా! బ్రేకూ!" అని బావమరిది పెట్టిన కేక ఆవిడకు వినబడింది. బ్రేకే అనుకుని కాలికింద ఉన్నదాన్ని గట్టిగా తొక్కింది.

కారు ఒక్క గెంతు గెంతి బావమరిదిని దుప్పట్ల మూటతో సహా తీసుకెళ్ళి వ్యానుకు అతికించింది. మూట అడ్డుగా ఉండబట్టి మనిషి మిగిలాడు. నోట్లోని సిగరెట్టు మాత్రం ఎక్కడ పడిందో కనబడలేదు. "పక్కటెముక... పక్కటెముక..." అని మూలుగుతున్న వాణ్ణి వాడు ఉతికిన దుప్పటి మీదే పడుకోబెట్టి లోపలికి తోసుకెళ్ళారు. లోపల దెబ్బ ఎంత తగిలిందో చూడాలని ఛాతీకి స్కాను తీయడానికి పట్టుకుపోయారు.

ఆ గందరగోళంలోనే నర్సు మాస్టారిని గుర్తుపట్టింది. "హమ్మయ్య, వచ్చారా! పదండి, బొమ్మ మళ్ళీ తీయాలి. కిందటిసారి ఊపిరి బిగపట్టమంటే వదిలేశారు. అంతా మసకమసకగా వచ్చింది."

భార్యాభర్తలిద్దరూ ఒకేసారి, "మసకా?" అన్నారు.

"అదే కదా ఫోనులో చెప్పబోయాను!"

ఈసారి మాస్టారు ఊపిరి ఎంత గట్టిగా బిగపట్టారంటే, వదలమని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆ బొమ్మ చూసిన డాక్టరు, ఊపిరితిత్తులు పొగకు బాగా దెబ్బతిన్నాయని, కానీ ఇప్పటికి అనుమానించాల్సిన గడ్డ ఏదీ లేదని, సిగరెట్టు జోలికి పోకూడదని, ఏటా వచ్చి చూపించుకోవాలని చెప్పాడు. భార్య రెండు చేతులూ ముఖానికి కప్పుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత చేతులు తీసింది. ఆ చూపు చూసి మాస్టారికి ప్రాణం లేచివచ్చింది, అదే క్షణాన గుండె గుభేలుమంది కూడా.

"ముప్పై ఏళ్ళు!" అంది ఆవిడ, మొన్న ఆపిన చోటి నుంచి. "రోజుకొక ప్యాకెట్టు! పైగా వాళ్ళెవరో కాలుస్తున్నారని నా చేత జాలి చూపించుకుంటారా? మీకసలు..."

"అమ్మా," అంటూ ఒక చిన్న వయసు డాక్టరు అడ్డొచ్చాడు. "దెబ్బ తగిలినాయన మీ తమ్ముడేనా? ఇలా రండి."

పక్కటెముక ఒకటి చిట్లింది, అదే మానుతుంది. కానీ ఆ స్కానులో, కుడి ఊపిరితిత్తి పైభాగాన, బఠాణీ గింజంత మచ్చ ఒకటి కనబడింది. దానికీ కారుకూ సంబంధం లేదు. ఇంకా పరీక్షలు చేయాలి. డాక్టరు మాటలు చాలా జాగ్రత్తగా ఏరుకుంటున్నాడు. ఆ జాగ్రత్తే అన్నీ చెప్పేసింది.

ఆవిడ అనవలసినవన్నీ గొంతులోనే ఉండిపోయాయి.

బావమరిది మంచం మీద గోడవైపు చూస్తూ పడుకున్నాడు. వాడు హాస్యమాడకుండా ఉండటం మాస్టారు ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఎంతసేపు చూసినా హాస్యం రాలేదు.

"బావా, నాకు దగ్గు కూడా లేదు కదా," అన్నాడు చివరికి, చిన్నపిల్లాడిలా.

మాస్టారు వాడి చేయి పట్టుకున్నారు. మెకానిక్కు చేయి కూడా ఇలాగే పట్టుకున్నారు, కానీ ఆ చేతిలో అప్పటికే ఏమీ లేదు. ఇది ఇంకా మూటలు మోసే చేయే. "అదేరా నీ అదృష్టం," అన్నారు. "దగ్గు లేకపోవడమే." ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో నమ్మకం ఏమంత లేదు. వాడికీ కలగలేదు. 

ఆ తర్వాతి రోజులు ఎవరికీ మంచివి కావు. ఆ మచ్చలోంచి ముక్క తీసి పరీక్షించారు. అనుకున్నదే అయింది. అక్క కుట్టుమిషను మూసేసి తమ్ముడి మంచం పక్కనే ఉండిపోయింది, తను కారుతో గుద్దినందుకు సగం, తమ్ముడు కాలుస్తుంటే ఇన్నేళ్ళూ నవ్వి ఊరుకున్నందుకు సగం ఏడుస్తూ. మాస్టారు లాండ్రీ వ్యాను నడిపారు, దుప్పట్లు మోశారు, మెట్ల మీద ఆయాసపడి మధ్యలో ఆగారు. జేబులోకి చేయి పోయినప్పుడల్లా దుప్పటి మూట ఎత్తుకున్నారు. పాఠాలన్నీ ఆగిపోయాయి. ఇంటికొస్తే మనవరాలు తప్ప ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

ఆపరేషను రోజున మాస్టారూ, భార్యా, కూతురూ బయట బెంచీ మీద కూర్చున్నారు, గోడ మీది గులాబీ రంగు బొమ్మ ఎదురుగా. ఎవరూ దానివైపు చూడలేదు. చాలాసేపటికి పెద్ద డాక్టరు బయటికి వచ్చి, గడ్డ మొత్తం తీసేశామని, పక్కలకు పాకలేదని చెప్పాడు. కూతురు ఏడ్చింది. భార్య మాస్టారి చొక్కా చేయి పట్టుకుంది. ఈసారి వదల్లేదు.

కొన్నాళ్ళకు వార్డులో చూడటానికి వచ్చిన ఆ పెద్ద డాక్టరు, మంచం మీద కూర్చోగలుగుతున్న బావమరిదిని పరీక్షించి, తల ఊపుతూ ఆశ్చర్యపోయాడు.

"దగ్గు లేదు, నొప్పి లేదు, బరువు తగ్గలేదు. ఈ దశలో మా దగ్గరికి వచ్చేవాళ్ళు బహు తక్కువ. ఇంత ముందుగా ఇక్కడికి ఎవరు పంపారండీ మిమ్మల్ని?"

"మా అక్కే పంపింది డాక్టరు గారూ," అన్నాడు బావమరిది, కుట్లు నొప్పి పెట్టకుండా మెల్లగా. "బ్రేకనుకుని."

జరిగిందంతా విని డాక్టరు, మిగతావాళ్ళు మాత్రం మామూలుగా ఫోను చేసి రావడమే మంచిదన్నాడు.